పరికిణీ కట్టిన పడవా, అంగడి మామా

నాకు ఈత రాదు. అయినా దుబాయ్‌లో ఉన్న రోజుల్లో పందెపు పడవ ఒకటి కొన్నాను. కొనే ముందు దాని అడుగు చూడలేదు. చూసుకోవయ్యా అని అమ్మేవాడే బతిమాలితే అక్కర్లేదన్నాను. మా నాన్న గూడూరులో బట్టల కొట్టు నడిపాడు. మా తాత అంతకు ముందు మూట నెత్తిన పెట్టుకుని ఊరూరా చీరలు అమ్మాడు. మేనమామల్లో ఇద్దరిది కిరాణా, ఒకడిది ఇనప సామాను. చీపురు కొన్నా పుల్ల పుల్ల విడదీసి చూసే వంశం మాది. ఆ వంశంలో సరుకు చూడకుండా డబ్బు చెల్లించిన మొదటి మొనగాణ్ణి నేనే. ఇలాంటి పని అందరి వల్లా కాదు. ఒక్కడి తెలివితో అయ్యేది కూడా కాదు, ఇద్దరి తెలివి కలవాలి.

ఆ రెండో తెలివి, చుట్టం కాని ఒక మామది.

మామ పోయాడని మొన్న జగిత్యాల నుంచి వాళ్ళ చిన్నకొడుకు ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయాడట. ఫోన్ పెట్టేశాక నాకు వచ్చిన మొదటి ఆలోచన పైకి చెప్పుకోదగ్గది కాదు గానీ చెబుతాను. యముడు వచ్చి నీ వయసెంత అని అడిగితే మామ, "నువ్వెంతనుకుంటున్నవ్?" అని ఉంటాడు. మొదటి అంకె తన నోటి నుంచి రానివ్వడమనేది ఆయన జన్మలో చేయలేదు. క్యాంపు డాక్టరు నడుం నొప్పి ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే, "మీ అందాజ ఎంత సాబ్?" అన్నాడట. డాక్టరు నెల అంటే మామ మూడు నెలలన్నాడట. చివరికి ఇద్దరూ రెండు నెలల దగ్గర తెగ్గొట్టారు.

ఆయన పేరు రాయను. పేరు పెట్టి పిలిస్తే మనిషి ధర పడిపోతుందని ఆయన నమ్మకం. దుబాయ్ అల్ ఖూజ్ కూలీల క్యాంపులో అందరికీ మామే, నాకూ మామే. నన్ను మాత్రం సేటూ అనేవాడు. నిజానికి నేను సేటుని కాను, అజ్మాన్‌లో నాకు వీసా ఇచ్చిన అరబ్బు, అంటే కఫీల్, పేరు మీద తాడూ, టార్పాలినూ, కాన్వాసూ అమ్ముకుంటూ, వెనక గదిలో రెండు కుట్టు మిషన్లు పెట్టుకున్న చిన్న కొట్టువాణ్ణి. కానీ ఆ పిలుపు వినడానికి బాగుండేది. అలా పిలిచి నా దగ్గర ఎంత తగ్గించుకున్నాడో నాకు ఆలస్యంగా తెలిసింది.

సొంత దేశంలో మామ పశువుల అంగడిలో దళారి. వారం వారం అంగడి జరిగే చోట, అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి, భుజం మీది తువ్వాల తీసి చేతి మీద కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చే మనిషి. ఒక వేలు పడితే ఒక లెక్క, గుప్పెడు పడితే ఒక లెక్క. చుట్టూ నలుగురున్నా ఎవరికీ వినపడదు, కనపడదు. ఆ చేతులతోనే ఇక్కడ కంపెనీలో షట్టరింగు చెక్కలు మోసేవాడు. తలమీద హెల్మెట్ ఉన్నా భుజం మీద తువ్వాల ఉండాల్సిందే. ఫోర్‌మన్ అది తీసెయ్యమని చెప్పి చెప్పి విసిగి వదిలేశాడు.

మనుషుల్ని కూడా ఆయన ఎడ్లను చూసినట్టే చూసేవాడు. ముందు కాళ్ళు, తర్వాత నడక, తర్వాత పళ్ళు. కొత్తగా వచ్చిన బస్సు డ్రైవర్ని చూసి, మనిషి మంచోడే గానీ ఎడమకాలు బద్ధకమని తేల్చేశాడు. వారం తిరక్కుండా ఆ డ్రైవరు క్లచ్ తొక్కడం మరిచి బస్సును గోడకు ఆనించాడు. కుర్చీలో కూర్చోవాలన్నా దాని చుట్టూ ఒకసారి తిరిగి, చెయ్యేసి ఊపి, నచ్చకపోయినా నచ్చినట్టు కనపడకుండా, నచ్చినా అసలే కనపడకుండా కూర్చునేవాడు. క్యాంపులో ఇద్దరు మంచాలు మార్చుకుంటే మధ్యలో నిలబడి ఒప్పించి, ఇద్దరి దగ్గరా చెరో సిగరెట్టు దలాలీ తీసుకునేవాడు. ఆయన సిగరెట్టు తాగడు. ఆ రెండూ మూడోవాడికి అమ్మేవాడు.

మొదటిసారి నా కొట్టుకు ఒక శుక్రవారం వచ్చాడు, క్యాంపులో ఎవరి కోసమో తాడు కొనడానికి. ధర చెప్పాను. తాడును చూడలేదు, నా కాళ్ళు చూశాడు. తువ్వాల తీసి నా చేతి మీద వేశాడు. ఏం చేస్తున్నాడో అర్థమయ్యేలోపే నా వేళ్ళు ఆయన గుప్పిట్లో ఉన్నాయి. మా వంశానికి నోటితో బేరం వచ్చు, కళ్ళతో వచ్చు, త్రాసుతో ఇంకా బాగా వచ్చు. వేళ్ళతో రాదు. ఆయన వెళ్ళిపోయాక చూసుకుంటే కొన్న ధరకంటే తక్కువకి అమ్మాను. తర్వాతి శుక్రవారం వచ్చేదాకా ఆగి, నా కొట్లో చేరతావా మామా అని అడిగాను. నామీద పనిచేసిన మంత్రం నా గిరాకీల మీద పనిచేస్తే నేను నిజంగా సేటునవుతాను కదా.

ఆయనకూ అది కావలసిందే. కంపెనీలో పనులు తగ్గిపోతున్నాయి. ఆ ఏడాది చివరికి కాంట్రాక్టు అయిపోయేవాళ్ళను మళ్ళీ ఉంచుకునేది లేదని కంపెనీ మేనేజరు ముదీర్ ముందే చెప్పేశాడు, వాళ్ళలో మామ ఉన్నాడు. కొత్త వీసా దొరక్కపోతే ఇంటికే. ఇంటికి వెళ్ళడానికి మిగతావాళ్ళు సంతోషపడతారు, మామ పడడు. కారణం ఒక్కసారే చెప్పాడు, అదీ తాడు చుట్ట మీద కూర్చుని, నా వైపు చూడకుండా. సొంత ఊరి రైతుకి ఒక ఎడ్ల జత ఇప్పించి, ఈ జతకు నేను జామీను అన్నాడట. వారంలో ఒక ఎద్దు కూలబడింది, మళ్ళీ లేవలేదు. ఆ తర్వాత అంగడికి వెళ్తే అందరూ పలకరించేవాళ్ళట, చాయ్ ఇప్పించేవాళ్ళట.

"తువ్వాల పరిస్తే మాత్రం ఎవ్వడు చెయ్యి పెట్టలే, సేటూ" అన్నాడు. "గక్కడికి నేను పోను."

వీసా ఇవ్వడానికి నా కఫీల్ డబ్బు అడుగుతాడు. ఇవ్వగలను. కానీ జేబులోంచి ఊరికే తీసి ఇవ్వడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. ఏదైనా ఒక బేరం చేసి, ఆ లాభంలోంచి కడదామన్నాను. మామకు అది ఎంతో మర్యాదగా తోచింది. బేరం కోసం ఇద్దరం ఎదురుచూస్తూ కూర్చున్నాం. సరిగ్గా అప్పుడే ప్రపంచానికి అవతలి అంచున ఆస్ట్రేలియావాళ్ళు పడవ పందెం గెలిచారు.

ఆ సంగతి నాకు చెప్పింది ఒక ఇంగ్లీషాయన. పోర్టు పనుల్లో ఇంజనీరు, నా దగ్గర తెరచాపలు కుట్టించుకునేవాడు. ఆయన కాన్వాసు కొంటూ కౌంటరు మీద మోచేతులు ఆనించి చెప్పిన కథ నేను మామకు తెలుగులో చెప్పాను. వందేళ్ళ పైమాటట. అమెరికా నుంచి ఒక పడవ ఇంగ్లండు వెళ్ళి, అక్కడి పడవలన్నిటినీ ఓడించి కప్పు పట్టుకుపోయింది. రాణీగారు రెండో పడవ ఏదని అడిగితే, రెండోది లేదమ్మా అన్నారట, అంత వెనకబడ్డాయట మిగతావి. మామ అక్కడే ఆపాడు. రెండో గిరాకి లేకుండా ధర ఎట్లా లేస్తదని, ఆ రాణి ఆ రోజే మోసపోయిందని తేల్చాడు.

అప్పట్నుంచి నూట ముప్పై రెండేళ్ళు ఆ కప్పు అమెరికా దాటలేదు. ఎవరెళ్ళి పోటీపడినా ఓడి రావడమే. కప్పును బోల్టు వేసి బిగించి పెట్టుకున్నారట. ఆ యేడు ఆస్ట్రేలియావాళ్ళు కొత్త పడవతో వచ్చారు. నీళ్ళలోంచి పైకి తీసినప్పుడల్లా దానికి నడుము నుంచి నేలదాకా చుట్టూ గుడ్డ కట్టేవాళ్ళు, మన ఆడపిల్లలకి పరికిణీ కట్టినట్టు. దాన్ని ఎవరూ చూడకుండా కాపలా. పడవ పక్కకి ఒరిగిపోకుండా అడుగున బరువైన సీసపు దిమ్మ ఒకటి కిందికి దిగి ఉంటుంది, దాన్ని కీల్ అంటారు. ఆ గుడ్డ కింద కీల్ ఎలా ఉందో తెలియక అమెరికావాళ్ళకు దినదినగండంగా గడిచిందట. నీళ్ళలో మునిగి ఫొటో తీయబోయినవాణ్ణి ఒకణ్ణి పట్టుకున్నారు కూడా. పందేలు మొదలయ్యాక అమెరికా మూడు గెలిచింది, ఇంకొక్కటి గెలిస్తే చాలు. ఆస్ట్రేలియా ఒకటే. అక్కణ్ణుంచి వరసగా మూడూ ఆస్ట్రేలియావే. ఆఖరిదాంట్లో చాలాదూరం వెనకబడి ఉండి, కథ అయిపోయిందనుకున్న చోట దాటేశారు. ఆ రోజు పడవను పైకెత్తి, జనం అరుస్తుంటే, గుడ్డ విప్పి చూపించారు. కీల్‌కి రెండు రెక్కలున్నాయి.

పందెం మామకు పట్టలేదు. గుడ్డ సంగతి మాత్రం మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. ఇంగ్లీషు పేపర్లో వచ్చిన ఆ రెక్కల కీల్ ఫొటో కత్తిరించి ఇస్తే జేబులో పెట్టుకు తిరిగాడు. ఆయన లెక్క ప్రకారం ఆస్ట్రేలియావాడు నీళ్ళలో గెలవలేదు, గట్టు మీద గెలిచాడు. "రెక్కలుంటే ఎంత, లేకుంటే ఎంత సేటూ. అమెరికోనికి గా గుడ్డ దిక్కు చూసుకుంట నిద్ర పట్టలే. గుడ్డ కింద ఉన్నంతసేపే సరుకుకు ధర" అన్నాడు.

ఇంకో ముక్క కూడా ఆయనకు నచ్చింది. గెలిచిన పొద్దున ఆస్ట్రేలియా ప్రధానమంత్రి, ఈ రోజు పనికి రాలేదని ఎవణ్ణయినా తీసేసే యజమాని పనికిమాలినవాడని అన్నాడట. మరుసటి రోజు మామ క్యాంపులో మంచం దిగలేదు. ఫోర్‌మన్ వచ్చి ఏమైందంటే, ప్రధానమంత్రి సెలవిచ్చిండన్నాడు. ఏ ప్రధానమంత్రి అని అడిగితే వివరంగా చెప్పాడు. ఆ రోజు జీతం కోశారు. కోసినవాడు పనికిమాలినవాడని ప్రధానమంత్రే అన్నాడు కాబట్టి మామకు బాధ లేదు.

ఆ తర్వాత కొన్ని వారాలకు మామ కొట్లోకి వచ్చి, గిరాకీలందరూ వెళ్ళేదాకా తాడు చుట్టల మధ్య నిలబడి, నా చెవి దగ్గరకొచ్చి చెప్పాడు. "మన దగ్గర ఒకటున్నది సేటూ. లంగ కట్టింది."

అల్ ఖూజ్‌లో క్యాంపు వెనక వర్క్‌షాపుల మధ్య ఒక యార్డు ఉంది. అందులో ఒక తెల్లటి పందెపు పడవ, చెక్క స్టాండ్ల మీద, నడుము నుంచి నేలదాకా చుట్టూ నీలం కాన్వాసుతో. అమ్ముతామని దానికి అట్టముక్క వేలాడుతోంది. ఎవరిదని వాచ్‌మన్‌ని అడిగితే నా ఇంజనీరుదే. ఉద్యోగం అయిపోయి ఇంగ్లండు వెళ్ళిపోతున్నాడు. నా తల గిర్రున తిరిగింది. ఈ ఊళ్ళో తెల్లవాళ్ళందరికీ పడవల పిచ్చి పట్టి ఉంది. ఇంజనీరేమో వెళ్ళే తొందరలో ఉన్నాడు. కొని నెలలో రెట్టింపుకి అమ్మితే మామ వీసా, నా లాభం, రెండూ తేలతాయి. మూడు వంతులు నేను, ఒక వంతు మామ. ఆయన తన వంతు పెడతానని పట్టుబట్టాడు, వట్టి దళారిగా అయితే రానన్నాడు.

ఇంజనీరు నిక్కరుతో వచ్చాడు. మామ ఆయన్ని పట్టించుకోలేదు. పడవ వెన్ను నిమిరాడు. పక్కల మీద వేళ్ళతో కొట్టి చెవి పెట్టాడు. వెనక్కి వెళ్ళి దూరం నుంచి ఒక కన్ను మూసి చూశాడు. పెదవి విరిచాడు, అంటే బాగా నచ్చిందన్నమాట. ఇంజనీరు వంగి కాన్వాసు తాళ్ళు విప్పబోతే మామ చటుక్కున వచ్చి గుడ్డ మీద అరచెయ్యి ఆనించాడు.

"నక్కో సాబ్, నక్కో."

ధర తేలకముందు గుడ్డ ఎత్తడం ఆయన లెక్కలో పెళ్ళిచూపుల్లో పిల్ల పళ్ళు లెక్కపెట్టినట్టు. ఇంజనీరు నావైపు తిరిగి నింపాదిగా చెప్పాడు, దీనికి కీల్ లేదు, సముద్రంలో దిబ్బకి కొట్టుకుని ఊడిపోయింది, చూసి తీసుకోండని. నేను అది మామకు తెలుగులో చెప్పాను. చెబుతుంటే ఆయన కళ్ళు మెరవడం చూశాను, చెబుతున్న నా కళ్ళు కూడా మెరుస్తున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. మామ నన్ను ఒక పక్కకి లాగాడు.

"సొంత సరుకును తిట్టుకునేటోణ్ణి ఎన్నడన్న చూసినవా?"

చూశాను. మా నాన్ననే చూశాను. మంచి పట్టుచీర ఒకటి ఎవరికో ఇస్తానని మాటిచ్చి ఉంటే, మధ్యలో వచ్చినావిడ అది అడిగితే, రంగు పోతుందమ్మా అనేవాడు. అంటే ఇంకో గిరాకి వస్తున్నాడు. మమ్మల్ని తోలేయడానికే ఈ ఎత్తు. మామా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. వంశాలు వేరయినా చదివింది ఒకే బడి.

మామ తువ్వాల తీశాడు. ఇంజనీరు సరదాగానే చెయ్యి పెట్టాడు. మామ వేళ్ళు పట్టగానే ఆయన చెయ్యి ఊపి, షేక్‌హ్యాండ్ అనుకుని, ధర పైకి చెప్పేశాడు. మామ ముఖం చూడాలి. నడిబజార్లో ఎవరో పంచె లాగినట్టు అయిపోయాడు. తర్వాత నేను నోటితో లాగాను. ఇంజనీరు ఎంత తొందరగా దిగాడంటే, ఆ దిగడం చూసి నాకు అనుమానం రావాలి. రాలేదు. మా ఇద్దరి నేర్పు చూసుకుని మురిసిపోయాను. కాగితం రాసిచ్చి, మరీ మరీ ఆలోచించుకున్నారు కదా అని అడిగి, రెండు రోజుల్లో విమానం ఎక్కేశాడు మనిషి.

ఆయన వెళ్ళాక గుడ్డ విప్పాం. విప్పడానికి మామ స్నానం చేసి వచ్చాడు. లోపల ఒక పిల్లి తన పిల్లలతో పడుకుని ఉంది. దాని పైన పడవ అడుగున పొడుగ్గా ఒక గాటు, వంకరపోయిన బోల్టులు. రెక్కలు లేవు, రెక్కలుండాల్సిన కీలూ లేదు. కీల్ లేని పడవకు కొత్తది పోయించాలంటే ఇంకో పడవ ధర అవుతుంది. కాన్వాసు చేతిలోకి తీసుకుంటే అంచున నా కొట్టు ముద్ర ఉంది. ఆ రోజు కథ చెబుతూ ఆయన కొన్నది ఇదే. కీల్ ఊడిన పడవకు లంగా కట్టి, క్లబ్బు స్నేహితులను పిలిచి నవ్వించాడట. తెల్లవాళ్ళు వారం పాటు వచ్చి దాని పక్కన నిలబడి ఫొటోలు తీయించుకున్నారని మలయాళీ వాచ్‌మన్ చెప్పాడు. వాళ్ళందరికీ తెలిసిన జోకు మా ఇద్దరికీ తెలియలేదు. తెలిసినా నమ్మేవాళ్ళం కాదు, యజమానే చెబితే నమ్మనివాళ్ళం.

నేను నవ్వబోయాను. మామను చూసి ఆపుకున్నాను. పిల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు, తువ్వాల ఒళ్ళో వేసుకుని.

"మాట నాది" అన్నాడు. "ఇది గుడ నా మాట మీదనే కూలబడ్డది."

నా వంతు నువ్వు ఉంచుకో, నేను పోతానన్నాడు. కాంట్రాక్టు ముగియడానికి ఇంక రెండు నెలలు కూడా లేదు. ఆయన ఎక్కడికి పోవాలో, అక్కడ ఆయన తువ్వాల గతేమిటో నాకు తెలుసు. సగం బేరంలో లేచిపోతే ఎట్లా మామా, కొన్నది పూర్తయింది, అమ్మడం మిగిలింది కదా అన్నాను. ఓదార్చడానికి అనలేదు. నా మూడు వంతులు అందులో ఇరుక్కుని ఉన్నాయి.

అమ్మడం మొదలుపెట్టాం. తెల్లవాళ్ళ దగ్గరికి వెళితే లంగా ఏదని అడిగారు. పడవగా దాన్ని ఎవరూ కొనరని తేలిపోయాక ముక్కలుగా అమ్మాం. తెరచాప కట్టే అల్యూమినియం స్తంభాన్ని అజ్మాన్‌లో ఒక అరబ్బు ఇంటివాళ్ళు టీవీ యాంటెనా కోసం తీసుకున్నారు. తెరచాపలతో ఒక కేరళ చాయ్ కొట్టుకు పందిరి కుట్టిచ్చాను. డబ్బు బదులు చాయ్ ఇస్తానన్నాడు. కుట్టుకూలి నాదే. చివరికి వట్టి డొల్ల మిగిలింది. యార్డు మేనేజరు స్థలం అద్దె అడిగి అడిగి, ఖలాస్, గురువారానికి తీయకపోతే ఎడారిలో పారేస్తానన్నాడు.

మామ ఆ డొల్ల చుట్టూ మళ్ళీ తిరిగాడు. ఈసారి వెన్ను నిమరలేదు. లోపలికి వంగి చూశాడు.

"కుడితి తొట్టి" అన్నాడు.

అడుగున గాటుకు తారు పూసి, పికప్ మీద అడ్డంగా కట్టుకుని అజ్మాన్ మేకల బజారుకు తీసుకెళ్ళాం. దార్లో ప్రతి సిగ్నల్ దగ్గరా జనం నవ్వారు. బజారులో అందరికంటే పెద్ద దొడ్డి ఒక ముసలి అరబ్బుది, మేకలు, గొర్రెలు, నాలుగైదు ఆవులు. మామ పడవ సంగతి ఎత్తలేదు. దొడ్డి కంచె మీద చేతులు వేసి ఆవుల కాళ్ళే చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి ముసలాయనే వచ్చి, ఆ పికప్ మీదిదేంటి, ఎంతకిస్తావని హిందీలో అడిగాడు. ముసలాయన చిన్నతనంలో వాళ్ళ నాన్న ముత్యాలు అమ్మడానికి బొంబాయి తీసుకెళ్ళేవాడట, ఆ హిందీ.

"ఆప్ కిత్నా సమఝ్తే?" అన్నాడు మామ, మీరెంత అనుకుంటున్నారని.

ముసలాయన మామను పైనుంచి కిందిదాకా చూశాడు. చివరికి ఆయన చూపు భుజం మీది తువ్వాల దగ్గర ఆగింది. ఏమనుకున్నాడో, తన తలగుడ్డ తీసి కుడిచేతి మీద పరిచి, ఆ చెయ్యి ముందుకు చాపాడు. ముత్యాల వ్యాపారులు కూడా అట్లాగే, గుడ్డ కింద వేళ్ళు పట్టి ధర తేల్చేవాళ్ళట. అది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు కనపడింది మామ ముఖమే. ఎండలోంచి నీడలోకి వచ్చినవాడిలా కళ్ళు చికిలించాడు. చెయ్యి వెంటనే పెట్టలేదు. ముందు తువ్వాలతో తుడుచుకున్నాడు.

ఎంతసేపున్నారో ఆ గుడ్డ కింద. వచ్చిన చాయ్ చల్లారిపోయింది. ముసలాయన ఒకసారి కోపంగా చెయ్యి లాగబోయి మళ్ళీ పెట్టాడు. మామ ఆకాశం వైపు చూసి నవ్వాడు. మధ్యలో ఇద్దరూ గొంతు తగ్గించి ఏదో మాట్లాడుకున్నారు, నేను దగ్గరికి వెళ్ళబోతే మామ పెడచేతితో ఆగమన్నాడు. చేతులు విడిపోయాక వచ్చి నాకు ధర చెప్పాడు. కొన్న ధరలో చెప్పుకోవడానికి సిగ్గుపడే వంతు. ఇంత సేపు కూర్చున్నది దీనికా అన్నాను. మామ నా మాట పట్టించుకోకుండా చెయ్యి చాపాడు.

"దలాలి, సేటూ."

సొంత సరుకు అమ్మిన దానికి దలాలీ ఏంటి మామా అంటే, ఒక వంతుకు యజమానినే, దానికి అడగనన్నాడు. నీ మూడు వంతులకు అడుగుతున్నానన్నాడు. ఇచ్చాను. ముసలాయన దగ్గరా తీసుకున్నాడు. తీసుకున్నాక, ఎక్కడో చూస్తూ చెప్పాడు, ముసలాయన వీసా ఇస్తున్నాడని, ఇక్కడే, మేకల అంగడిలో, కొనేవాళ్ళకూ అమ్మేవాళ్ళకూ మధ్యన నిలబడే పనికి. జీతం కూడా చెప్పాడు.

ఆ తర్వాత మామ ఆ బజారులో చాలా ఏళ్ళున్నాడు. బక్రీదుకు ముందు వెళితే చూడాలి, పాకిస్తానీలు, ఒమానీలు, మలబారువాళ్ళు వంతు కోసం నిలబడి ఉండేవాళ్ళు, ఆయన తువ్వాల కింద చెయ్యి పెట్టడానికి. నన్ను చూస్తే పలకరించేవాడు గానీ బేరం ఆపేవాడు కాదు. ఒకసారి తీరిక చూసి, ఆ రోజు గుడ్డ కింద అసలు ఏం తెగింది మామా అని అడిగాను.

"ఎంత తెగిందనుకుంటున్నవ్?" అన్నాడు.

నేను అంకె చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. ఇప్పుడిక చెప్పేవాడు లేడు కాబట్టి లెక్క నేనే తేల్చాలి.

పడవకిచ్చింది, యార్డు అద్దె, పికప్ కిరాయి, తెరచాపల కుట్టుకూలి ఖర్చు. స్తంభం, డొల్ల, తాగినన్ని చాయ్‌లు రాబడి. మామ వంతు మామకు తిరిగి ఇచ్చేశాను. ఇవ్వకపోయినా అడిగేవాడు కాదు, అందుకే ఇవ్వాల్సి వచ్చింది. తీసివేతలన్నీ అయ్యాక నా నష్టం ఎంతంటే, నా కఫీల్ ఒక వీసాకు అడిగే డబ్బుకు కాస్త అటూ ఇటూ. అంటే గుడ్డ కింద తెగిన డొల్ల ధరలో నాకు చెప్పగా మిగిలింది ముసలాయన మామకు వీసాగా కట్టాడు, ఆ కట్టింది నా వాటాలోంచి. మొదట కడతానన్నది నేనే కాబట్టి అందులో మోసం లేదు. నా కొట్లో ఆయనకిద్దామని నేననుకున్న జీతం, ముసలాయన ఇచ్చినదాంట్లో సగం. సగం జీతానికి రావలసిన మనిషిని పోగొట్టుకున్నానని నష్టంలో రాసుకునే హక్కు నాకు లేదు. దలాలీ వేరే. అది న్యాయమైన ఖర్చు. మొత్తం మీద వీసా ఒకటి కొన్నాను, మార్కెట్ ధరకే, ఒక్క దిర్హం తగ్గకుండా.